వద్దనలేని వాళ్ల ఫొటోలు

2025 వానాకాలంలో యూరియా కోసం ఉమ్మడి నల్గొండ జిల్లా రైతులు తెల్లవారకముందే సొసైటీల ముందు బారులు తీరారు. నిలబడలేనివాళ్లు చెప్పులో, పాసుపుస్తకం జిరాక్సో తమ వంతుగా వరుసలో పెట్టి నీడకు పోయారు. ఆ చెప్పుల వరుస పత్రికల జిల్లా పేజీల్లో ఎన్నోసార్లు అచ్చయింది. అందులో ఒక్క ముఖం లేదు. అరిగిన హవాయి చెప్పులు, ఎగిరిపోకుండా రాయి పెట్టిన కాగితాలు, అంతే. ఏ మండల విలేకరో తీసిన ఆ ఫొటోకు అవార్డులు రావు. కానీ కష్టాన్ని ఎలా చూపాలన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో అంతకన్నా మంచి జవాబు లేదు.

కష్టంలో ఉన్నవాళ్ల ఫొటో తీయాలా వద్దా అని వాదించుకోవడం దండగ. తీయకపోతే సగం అన్యాయాలు ఊరి పొలిమేర దాటవు. నా అనుమానమల్లా ఒక్కటే: ఎదుటి మనిషి ‘వద్దన్నా’ అనగలడా?

2018 ఆగస్టు 29న మిర్యాలగూడ మీదుగా పోయే అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిపై, అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణ కారు ప్రమాదంలో చనిపోయారు. అంతకు దాదాపు నాలుగేళ్ల ముందు ఆయన పెద్దకొడుకు జానకిరామ్‌నూ కోదాడ, సూర్యాపేట మధ్య ఆకుపాముల దగ్గర రోడ్డే మింగింది. తండ్రి మృతదేహం ఆసుపత్రిలో ఉండగా అక్కడి సిబ్బంది కొందరు సెల్ఫీ దిగారు. అది ఫోన్లలో తిరిగింది, వాళ్ల ఉద్యోగాలు పోయాయి. అంతటి పేరున్న మనిషికే ఆ గతి పట్టింది. హైవే మీద పడిపోయిన బైకు మనిషి చుట్టూ ఎన్ని ఫోన్లు లేస్తాయో లెక్కపెట్టేదెవరు?

సరిగ్గా పదహారు రోజులకు, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి బయట గర్భవతైన భార్య కళ్ల ముందే ప్రణయ్ అనే యువకుణ్ణి నరికేశారు. దాన్ని తీసింది మనిషి కూడా కాదు, గోడకున్న సీసీ కెమెరా. పోలీసులకు ఆ దృశ్యం కావాలి, కోర్టుకూ కావాలి. అన్నం తింటూ టీవీ చూసే మనకెందుకు? అందులో ఏముందో ఇక్కడ రాయను. రాస్తే నేనూ అదే పని చేసినట్టు. తర్వాత ఈ ఘటన మీద సినిమా తలపెడితే ఆ ఇంటివాళ్లు కోర్టు మెట్లెక్కారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసినప్పుడు ఆ ఫుటేజీ మళ్లీ టీవీల్లో తిరిగింది. మన చట్టం అత్యాచార బాధితుల గుర్తింపును దాస్తుంది. నేరాల్లో చిక్కుకున్న పిల్లల వివరాలు బయటపెట్టొద్దని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. కళ్ల ముందే భర్త చనిపోయిన ఆడమనిషికి అలాంటి తెర ఏదీ లేదు.

ఇంకాస్త చిక్కు కథ, తాగునీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేసే ఫ్లోరోసిస్‌ది. సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురానికి చెందిన దుశర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలేసి జలసాధన సమితి పెట్టారు. ఆ నీళ్ల గోస చెప్పడానికి సమితి పెద్దఎత్తున నామినేషన్లు వేయించగా, 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఒక్క వంకర కాలునూ చూపించకుండా దేశమంతా నల్గొండ నీళ్ల గురించి అడిగేలా చేశారు. ఆ తర్వాత ఇదే ఉద్యమం శివన్నగూడేనికి చెందిన ఫ్లోరోసిస్ బాధితుడు అంశల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజపేయి బల్ల మీద పడుకోబెట్టింది. అప్పటికి స్వామికి ఇరవై ఏళ్లు కూడా లేవు. నేను దాన్ని తప్పుపట్టలేను, మనసారా మెచ్చుకోనూ లేను. పల్లె నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఫొటోకు అందదు, దొరికేది ఎముకే. అయితే తర్వాత్తర్వాత నాయకులు, విలేకరులు స్వామి ఇంటి గుమ్మం దగ్గరికే వరసకట్టారు. స్వామి సెలూన్ పెట్టుకున్నాడు, తన బతుకు తాను బతికాడు. 2023 జనవరిలో చనిపోయేదాకా లోకానికి మాత్రం అతను ఫ్లోరోసిస్ ముఖమే.

2021 మేలో కోదాడ దగ్గరి రామాపురం క్రాస్‌రోడ్డులో తెలంగాణ పోలీసులు ఆంధ్ర నుంచి వచ్చే కొవిడ్ రోగుల అంబులెన్సులను ఆపేశారు. చివరికి హైకోర్టు జోక్యం చేసుకుంది. ఆ అన్యాయాన్ని చెప్పడానికి రోడ్డు పొడవునా ఆగిన బండ్ల వరుస చాలు. అద్దం అవతల ఊపిరి కోసం అల్లాడే మనిషి ముఖం చూపితే సర్కారు చేసిన తప్పు కాస్తా ఒక ఇంటి దుఃఖంగా మిగిలిపోతుంది. చూసినవాడు అయ్యో అని ఛానల్ మారుస్తాడు.

అన్నిటికన్నా నాకు చేదుగా అనిపించేవి లాక్‌డౌన్ రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ఫొటోలు. ఒక బియ్యం సంచి, దాని మీద ఆరేడు చేతులు, వెనక ఫ్లెక్సీ. ఆ చేతులన్నిటి మధ్య ఒక ముసలామె. ఆమె ‘వద్దు బిడ్డా’ అనొచ్చు, ఎవరూ నోరు మూయలేదు. కానీ అంటే సంచి చేతికొస్తుందో రాదో ఆమెకు తెలియదు. అందుకే ఎటు చూడమంటే అటు చూస్తోంది. నవ్వమన్నారేమో, నవ్వుతోంది కూడా.