ధర పొరపాటు: నష్ట మెవరిది?

2014వ సంవత్సరమున ఒడిశాలో న్యాయశాస్త్ర విద్యార్థి యొకడు ఆన్‌లైన్ అంగడిలో ల్యాప్‌టాప్ వెల 190 రూపాయలని యుండుట చూచి ఆర్డరు చేసెను. ఆర్డరు ధ్రువపడినది. కొన్ని గంటలలోనే ధరలో పొరపాటు దొర్లినదని చెప్పి వర్తకులు దానిని రద్దుచేసిరి. అతడు ఊరకుండక వినియోగదారుల న్యాయస్థానము నాశ్రయించెను. ఆ రాష్ట్ర కమిషనువారు అతని పక్షమున పరిహారము విధించునప్పటికి 2021వ సంవత్సరము వచ్చినది. ఒక్క ల్యాప్‌టాప్ తగవునకు ఇన్నేండ్లు!

వర్తకుడు మానవమాత్రుడే, పొరపాటు పడవచ్చును. దానికై అతని యిల్లు గుల్లచేయవలెనని మే మనము. 2003లో సింగపూరున 3,854 డాలర్ల ప్రింటరు 66 డాలర్లకు ప్రకటింపబడగా, ఆరుగురు రాత్రివేళ ఒకరికొకరు వార్త నందించుకొని 1,606 ప్రింటర్లు కొనజూచిరి. అది పొరపాటని వారెరుగుదురని న్యాయస్థానమువారు తేల్చి ఆ బేరము చెల్లదనిరి. 2005లో అప్పీలులోను అదియే నిలిచినది. ఆ తీర్పు న్యాయమైనదే.

కాని కొనువారందరును అట్టివారా? పండుగ వచ్చినంతనే సగము ధర, పాతిక ధర యని చాటింపు వేయువారు ఈ వర్తకులే కదా! పదివేల వస్తువు మూడువేలకని కనబడినప్పుడు అది వర్తకుని యౌదార్యమో, గుమాస్తా యేమరుపాటో ఇంటికొక్కటి కొనుకొను గృహస్థు ఏ సాముద్రికముచేత తెలిసికొనవలెను? తగ్గింపును నమ్ముమని అలవాటుచేసినవారే, నమ్మినవానిని అత్యాశాపరుడని యెత్తిపొడుచుట మాకు వింతగా నున్నది.

మరియొక చమత్కారము గలదు. ఆర్డరు చేసిన నిమిషముననే మన సొమ్ము బ్యాంకునుండి కదలిపోవును. ఒడంబడిక మాత్రము సరకు బయలుదేరినప్పుడే యేర్పడునని పెక్కు అంగళ్లవారి నిబంధనలలో ఎవ్వరును చదువని మూల వ్రాయబడియుండును. అనగా పుచ్చుకొనుటకు ఒక ముహూర్తము, మాటకు కట్టుబడుటకు వేరొక ముహూర్తము! అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ యనుట ఇదియే.

చట్టము లేకపోలేదు. ఒకపక్షమువారి పొరపాటు మాత్రముచేతనే ఒడంబడిక రద్దుచేయదగినది కానేరదని 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 22వ సెక్షను చెప్పుచున్నది. కొనువాడు ఆర్డరు మానుకొన్నచో రుసుము గుంజు సంస్థ, తాను ఏకపక్షముగా మానుకొన్నప్పుడును అట్టి రుసుము భరింపవలెనని 2020 నాటి ఈ-కామర్స్ నియమములు విధించుచున్నవి. వినుటకు బాగుగనే యున్నది. కాని మనయొద్ద రుసుము పుచ్చుకొనని వర్తకుడు మనకు దమ్మిడీయైన నీయనక్కరలేదు. వారము దినములు మన సొమ్ము తనయొద్ద నుంచుకొని, క్షమింపుడని ఒక సందేశము పంపి చేతులు దులుపుకొనవచ్చును.

మే మడుగునది స్వల్పము. సొమ్ము పుచ్చుకొని ఆర్డరు ధ్రువపరచిన పిమ్మట ధర తప్పన్నవాడు కారణము విప్పిచెప్పి, ఆ దినముననే సొమ్ము మరలించి, వెలలో కొంతభాగము పరిహారముగా నీయవలెను. ప్రకటించిన ధర పండుగ తగ్గింపులను మించనిదైనచో సరకే యీయవలెను. అంతవరకు కొనువారు ధర కనబడిన తెరను ఫొటో తీసి, ధ్రువీకరణ సందేశమును భద్రపరచుకొందురు గాక. 2019 చట్టము ననుసరించి తాము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. వర్తకుని యూరు వెదకికొని పోనక్కరలేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు తమ నియమములలోని ఈ కంత నెప్పుడు పూడ్చెదరో సెలవీయవలెను.