ఎంఎస్‌డబ్ల్యూకు డిగ్రీ మార్కులు అడ్డమా? అసలు గీత ఎక్కడుంది?

డిగ్రీ ఫలితాలు రాగానే మన ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న ఒక్కటే. 'ఎంతొచ్చింది?' 75, 80 శాతం అంటే ఎంబీఏ, ఎంకామ్, అమెరికా అంటూ లెక్కలు మొదలవుతాయి. 52, 56 అంటే మాత్రం 'చదివింది చాలు, ఏదైనా ఉద్యోగం చూసుకో' అనేస్తారు. ఆ 52 వెనుక ఏముందో అడిగేవాళ్లు తక్కువ. పొద్దున కాలేజీ, సాయంత్రం మెడికల్ షాపులోనో మొబైల్ దుకాణంలోనో పని. ఇంటర్ దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియం. ఇలాంటి పిల్లలు పాతబస్తీలోనే కాదు, నిజామాబాద్‌లోనూ కర్నూలులోనూ కడపలోనూ ఉన్నారు.

వీళ్లలో కొందరికి సోషల్ వర్క్ మీద నిజమైన ఆసక్తి ఉంది. కానీ మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్, అంటే ఎంఎస్‌డబ్ల్యూ, మంచి మార్కులు వచ్చినవాళ్లకే అనుకుని దరఖాస్తే పెట్టడం లేదు. నిబంధనలు చదివితే విషయం వేరుగా ఉంది. ఈ కోర్సులో డిగ్రీ మార్కులు చాలాచోట్ల గడప దాటడానికే. సీటు తేల్చేది వేరే అంశాలు. మార్కులు నిజంగా తలుపు మూసేచోట్లూ ఉన్నాయి, అవి ఏవో ముందే తెలుసుకోవాలి.

సీటు తేల్చేది ప్రవేశ పరీక్షే

తెలంగాణలో ఉస్మానియా, కాకతీయ తదితర రాష్ట్ర వర్సిటీల్లోనూ వాటి అనుబంధ కాలేజీల్లోనూ పీజీ సీట్లు సీపీగెట్ ద్వారా భర్తీ అవుతాయి. గచ్చిబౌలిలోని రోడా మిస్త్రీ కాలేజీ లాంటి సోషల్ వర్క్ కాలేజీ కూడా ఉస్మానియా పరిధిలోనిదే. ఎంఎస్‌డబ్ల్యూకు బీఏనే చదివి ఉండాలని లేదు. బీకాం, బీఎస్సీ, బీబీఏ వాళ్లూ రాయొచ్చు. పరీక్ష 100 మార్కులకు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. నోటిఫికేషన్‌లో చెప్పిన కనీస అర్హత శాతం ఉంటే చాలు, ఆ తర్వాత ర్యాంకు పరీక్ష మార్కులదే. డిగ్రీలో 54 వచ్చిన అభ్యర్థి 78 వచ్చిన అభ్యర్థి కంటే ముందుండటం ఇక్కడ సాధ్యమే. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పని ఏపీ పీజీసెట్ చేస్తుంది.

దేశంలో సోషల్ వర్క్ చదువు మొదలైందే 1936లో బొంబాయిలో. అప్పటి దొరాబ్జీ టాటా స్కూలే నేటి టిస్. ఇప్పుడు అక్కడికి దారి సీయూఈటీ-పీజీ. టిస్ ప్రధానంగా అడిగేది కనీసం మూడేళ్ల డిగ్రీ. ఆపైన పరీక్ష స్కోరు, ఇంటర్వ్యూ. సీయూఈటీలో 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు మైనస్ 1. సీపీగెట్‌లో లాగా అన్నీ గుడ్డిగా పెట్టేస్తే ఇక్కడ నష్టం.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది తేదీల దగ్గర. సీయూఈటీ-పీజీ దరఖాస్తులు డిసెంబర్, జనవరిల్లో నడుస్తాయి, పరీక్ష మార్చిలో. అంటే ఫైనల్ ఇయర్‌లో ఉండగానే అప్లై చేయాలి. 'రిజల్ట్ వచ్చాక చూద్దాం' అని కూర్చుంటే ఆ ఏడాది టిస్ పోయినట్టే. సీపీగెట్ మాత్రం వేసవి తర్వాత వస్తుంది కాబట్టి ఫలితాలు చూసుకుని రాసే వీలుంటుంది.

ఉర్దూ వచ్చినవాళ్లకు మరో దారి గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ. 1998లో ఏర్పడిన ఈ కేంద్రీయ వర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ ఉర్దూ మీడియంలో ఉంది. పది, ఇంటర్, డిగ్రీల్లో ఎక్కడో ఒకచోట ఉర్దూ మీడియంగానో సబ్జెక్టుగానో చదివి ఉండాలి. వర్సిటీ గుర్తించిన మదర్సాల సనద్‌లకూ చోటుంది. ఇంగ్లిష్ భయంతో ఆగిపోయినవాళ్లు ముందు ఇక్కడ చూడాలి. ఉద్యోగం మానలేనివాళ్లకు ఇగ్నో దూరవిద్య ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. దానికి ఏదైనా డిగ్రీ చాలు. అయితే ఫీల్డ్ వర్క్ అక్కడా తప్పదు.

సర్టిఫికెట్ దగ్గర పొరపాటు

రాష్ట్ర వర్సిటీల్లో బీసీ-ఈ కింద ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2007 చట్టంతో వచ్చిన ఈ కోటా సుప్రీంకోర్టు 2010 మధ్యంతర ఉత్తర్వుల ఆధారంగా కొనసాగుతోంది. కానీ టిస్, కేంద్రీయ వర్సిటీల దగ్గర చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. రాష్ట్ర జాబితా, కేంద్ర జాబితా ఒకటి కాదు. బీసీ-ఈ సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా అని సీయూఈటీ ఫారంలో ఓబీసీ అని టిక్ పెడితే వెరిఫికేషన్‌లో సీటు పోవచ్చు. మీ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి మిగతా షరతులు సరిపోతే, కేంద్ర ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసులో అడగండి. మార్కులు ఓ మోస్తరుగా ఉన్నవాళ్లకు ఈ కాగితం విలువ ఇంకా ఎక్కువ.

రేషన్ కిట్లు పంచాం... సరే, ఏం చూశారు?

ఇంటర్వ్యూ ఉన్నచోట 'మార్కులు ఎందుకు తక్కువ?' అన్న ప్రశ్న రావచ్చు. దానికి రెండు వాక్యాలు చాలు. 'డిగ్రీ మూడేళ్లూ పార్ట్‌టైం పని చేశాను. చివరి రెండు సెమిస్టర్లలో మెరుగుపడ్డాను.' ఇంటి కష్టాలు పూర్తిగా ఏకరువు పెట్టనక్కర్లేదు, సాకులూ వద్దు. మిగిలిన సమయం పని గురించి మాట్లాడటానికి వాడుకోవాలి.

ఆ పని మనవాళ్లకు లేక కాదు. 2020 అక్టోబర్ వరదల్లో హఫీజ్‌బాబానగర్, ఫలక్‌నుమా వైపు నడుం లోతు నీళ్లలో తిండి, బట్టలు మోసింది బస్తీ కుర్రాళ్లే. కోవిడ్‌లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం తిరిగిందీ వాళ్లే. అయితే అప్లికేషన్‌లో 'రేషన్ కిట్లు పంచాం' అని రాసి వదిలేస్తారు. అది ఖిద్మత్. సవాబ్ వచ్చే పనే, కానీ సోషల్ వర్క్ కోర్సు వాళ్లు అడిగేది దాని తర్వాతి ప్రశ్న. కిట్ అందని ఇల్లు ఏది, ఎందుకు అందలేదు? నీళ్లలో ఆధార్, భూమి కాగితాలు కొట్టుకుపోయిన కుటుంబం సాయం కోసం ఏ ఆఫీసు చుట్టూ తిరిగింది? వితంతువు పేరు జాబితాలో ఎందుకు లేదు? ఈ మూడింటిలో ఒక్కదానికి చూసిన సంగతితో జవాబు చెప్పగలిగితే అది 70 శాతం మెమో కంటే ఎక్కువ పలుకుతుంది.

అలాగే షాదీ ముబారక్ దరఖాస్తులు నింపిపెట్టిన అమ్మాయికి పెళ్లికూతురి వయసు రుజువు, ఆదాయ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా ఎక్కడ తిరకాసు పెడతాయో తెలుసు. 18 నిండని పెళ్లిళ్ల సంగతీ కళ్లారా చూసి ఉంటుంది. పింఛను ఫారాలు, ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర తర్జుమా చేసి పెట్టడం కూడా అనుభవమే. ఇప్పటినుంచే తేదీలతో ఒక నోటు పుస్తకం పెట్టండి. మనుషుల పేర్లు రాయకండి, వాళ్ల గుట్టు మన దగ్గర అమానత్. పని చేసిన సంస్థ నుంచి ఒక లేఖ తీసుకోండి.

గీత నిజంగా ఉన్నచోటు

ఇక మార్కులు అడ్డుపడే చోటు. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షల వరకు ఉంటుంది. సోషల్ సైన్సెస్ కూడా అందులో ఉన్నాయి. కానీ డిగ్రీలో 60 శాతం ఉండాలి. 59 వచ్చినవాళ్లకు అనుభవం ఎంత ఉన్నా దారి లేదు. అమెరికాలో చాలా వర్సిటీలు ఎంఎస్‌డబ్ల్యూకు 4కు 3 జీపీఏ అడుగుతాయి. తక్కువ ఉన్నవాళ్లను షరతులతో చేర్చుకునేవీ కొన్ని ఉన్నాయి. అయితే అక్కడ సోషల్ వర్క్ స్టెమ్ కోర్సు కాదు. చదువు తర్వాత పని అనుమతి 12 నెలలే, కంప్యూటర్స్ వాళ్లకు లాగా మూడేళ్లు కాదు. అప్పు చేసి వెళ్లేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

60 శాతం నిబంధనపై ప్రభుత్వం ఒకసారి ఆలోచించాలి. ప్రజాధనం కాబట్టి ఏదో ఒక గీత ఉండాలన్నది న్యాయమే. కానీ ఆ గీత డిగ్రీ మెమో ఒక్కటే ఎందుకు కావాలి? రుజువులున్న రెండేళ్ల ఫీల్డ్ అనుభవం ఉన్నవాళ్లకు సోషల్ వర్క్ లాంటి కోర్సుల్లో 5 శాతం సడలింపు ఇస్తే ఖజానాపై అదనపు భారం పడదు, ఎంపిక మాత్రం మెరుగవుతుంది. పోటీ పరీక్షలకు శిక్షణ ఇచ్చే మైనారిటీస్ స్టడీ సర్కిల్ సీపీగెట్, సీయూఈటీ-పీజీలకు కూడా నెల రోజుల క్లాసులు పెడితే లాభపడేది ఈ పిల్లలే.

సీటు వచ్చాక

ఎంఎస్‌డబ్ల్యూలో మార్కులు మళ్లీ లెక్కలోకి వస్తాయి. యూజీసీ నెట్ రాయాలన్నా పీహెచ్‌డీ చేయాలన్నా పీజీలో 55 శాతం ఉండాలి. కేంద్ర ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీలకు 50. మైనారిటీ పరిశోధకులకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో ఆపేసింది. కాబట్టి నెట్, జేఆర్‌ఎఫ్ ఇప్పుడు మరింత ముఖ్యం. డిగ్రీలో జరిగింది పీజీలో జరగనివ్వకూడదు.

ఖర్చు సంగతీ చూసుకోవాలి. వారంలో సాధారణంగా రెండు రోజులు ఫీల్డ్ వర్క్, తర్వాత గ్రామ క్యాంపు. పార్ట్‌టైం పనితో ఇది కుదరడం కష్టం. అమ్మాయిలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం కొంత కలిసొస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలపై 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్ దాకా వెళ్లాయి. చేరేముందే ఫీజు, సర్టిఫికెట్ల గురించి కాలేజీలో స్పష్టంగా అడగండి.

ఉద్యోగాలు ఉన్నాయి. బాలల రక్షణ యూనిట్లు, సఖి కేంద్రాలు, ఆస్పత్రులు, కంపెనీల సీఎస్‌ఆర్ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు. చాలావరకు కాంట్రాక్టువే, మొదట్లో జీతం తక్కువే. మానసిక ఆరోగ్య చట్టం, 2017 ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే ఎంఎస్‌డబ్ల్యూపై రెండేళ్ల ఎంఫిల్ కూడా కావాలి. ఇవన్నీ తెలిసే దిగాలి.

ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలో కావచ్చు, జువెనైల్ బోర్డు ముందు కావచ్చు, దక్కనీ తప్ప మరో మాట రాని తల్లి కూర్చుంటే ఆమె చెప్పేది అర్థం చేసుకుని ఫైల్లోకి ఎక్కించే మనిషి కావాలి. ఆ మనిషి డిగ్రీలో 53 శాతంతో పాసై, దరఖాస్తు పెట్టకుండా ఇంట్లో కూర్చుంటే నష్టం ఆ ఒక్కరిదే కాదు. సీపీగెట్ నోటిఫికేషన్ ఒకసారి చదవండి. అందులో మొదట చూడాల్సింది కనీస అర్హత. అది ఉంటే మిగతాది మీ చేతుల్లోనే ఉంది.