బెల్లం చంకలో గడ్డ

మా ఇంట్లో ఎలుక ఉందంటే బోను ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. పెంచుకుంటున్నామంటే మాత్రం రెండడుగులు వెనక్కి వేస్తారు. రెండున్నరేళ్ల కిందట మా అమ్మాయి తన పుట్టినరోజుకి పట్టుబట్టి కొనిపించుకుంది. ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటాయని రెండు ఆడపిల్లల్ని తెచ్చాం. రంగుని బట్టి ఒకటి బెల్లం, ఇంకోటి నువ్వులు. "వినాయకుడి వాహనం, ఇంట్లో ఉంటే తప్పేముంది?" అని మా అత్తయ్యే తీర్పు చెప్పాక ఇక నేనేం మాట్లాడతాను!

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి బెల్లాన్ని ఒళ్లో పెట్టుకుని నిమురుతుంటే, చంకలో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. "అమ్మా, క్యాన్సరా?" అంది. నాకేం తెలుసు? నాలుగు రోజులు చూద్దాంలే అన్నాను. ఆ నాలుగు రోజులు మూడు వారాలయ్యాయి. శనగగింజ కాస్తా ఉసిరికాయంత అయింది. ఆ ఆలస్యం నాదే. ఇలాంటి గడ్డ మీ ఇంట్లో ఎవరికైనా చేతికి తగిలితే నాలా ఆగకండని ఇది రాస్తున్నాను.

కుక్కలకీ పిల్లులకీ డాక్టర్లు బోలెడుమంది. ఎలుక అనగానే ఫోన్లో ఇద్దరు నవ్వారు. చివరికి కుందేళ్లనీ పక్షుల్నీ చూసే డాక్టరుగారు దొరికారు. ఆవిడ నవ్వలేదు. గడ్డని వేళ్లతో అటూ ఇటూ కదిపి, "చర్మం కింద సులువుగా కదులుతోంది, నొక్కితే నొప్పి లేదు. పాలగ్రంథిలో వచ్చే కణితే అయ్యుంటుంది" అన్నారు.

చంకలో పాలగ్రంథి ఏమిటనుకున్నాను. ఆడ ఎలుకకి 12 చనుమొనలుంటాయట. పాలగ్రంథులు మెడ దగ్గర్నుంచి తొడల సందు దాకా పరుచుకుని ఉంటాయి. అందుకే గడ్డ చంకలోనైనా, పొట్ట మీదైనా, తొడ పక్కనైనా లేవొచ్చు. వయసు మళ్లిన ఆడ ఎలుకల్లో ఇది మామూలే. ఎక్కువభాగం ఫైబ్రోఎడినోమా అనే, వేరే అవయవాలకి పాకని రకం. కానీ అది పెరగడం ఆపదు. నడవలేనంత పెరుగుతుంది, పైచర్మం పగిలి పుండవుతుంది.

అన్ని గడ్డలూ ఇవే కావు. పోట్లాటలో కొరుక్కున్న చోట చీముగడ్డ ఉన్నట్టుండి లేస్తుంది, వేడిగా ఉంటుంది, ముట్టుకుంటే అరుస్తుంది. కదలకుండా లోపలికి అతుక్కున్నట్టున్న గడ్డనీ, చెవి కింద లేచినదాన్నీ వెంటనే చూపించాలి. పైకి గడ్డేమీ లేకుండా తల పక్కకి వాలిపోయి, ముందు కాళ్లతో తిండి పట్టుకోలేకపోతే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి కావచ్చు.

ఆపరేషన్ అనగానే మా అత్తయ్య, "నా మోకాలికే దిక్కు లేదు, ఎలుకకి ఆపరేషనా?" అంది. అయినా చేయించాం. ఎలుకలు వాంతి చేసుకోలేవు కాబట్టి మనకిలా ముందు రోజు నుంచి పస్తు పెట్టనక్కర్లేదట. చిన్న ప్రాణం, మత్తులో ఒళ్లు చల్లబడుతుంది, వెచ్చగా ఉంచడం ముఖ్యం. సాయంత్రం ఇంటికి తెచ్చేసరికి రాగిజావ చేసి వేలితో నాకించింది ఎవరనుకున్నారు? అత్తయ్యే.

జూలైలో తొడ దగ్గర ఇంకోటి లేచింది. ఈసారి లెక్క వేరు. బెల్లానికి రెండేళ్లు దాటాయి. ఈ ఎలుకల ఆయుష్షే రెండు, మూడేళ్లు. వెనక కాళ్లు ఈడుస్తోంది, ఊపిరి గురగురమంటోంది. "చెయ్యొచ్చు, కానీ ఈ ఊపిరితిత్తులతో మత్తు తట్టుకోవడం కష్టం" అన్నారు డాక్టరుగారు. "మళ్లీ తీయించెయ్యమ్మా" అని మా అమ్మాయి ఏడుపు. వద్దని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నొప్పి తగ్గే చుక్కలు రాసిచ్చారు. మన మాత్రలు ముక్కలు చేసి వేయొద్దన్నారు. "గడ్డని కొలవడం మానేసి, రోజెలా గడిచిందో రాయండి" అన్నారు. గోడ కేలెండర్ మీద మా అమ్మాయి రోజూ మూడు టిక్కులు పెట్టేది. తిందా? ఒళ్లు శుభ్రం చేసుకుందా? పిలిస్తే వచ్చిందా? వారానికోసారి వంటింటి త్రాసులో బరువు. ఐదు వారాలు టిక్కులు బాగానే పడ్డాయి. తర్వాత ఒక్కోటీ తగ్గాయి. వినాయక చవితికి వారం ముందు, వరసగా రెండు రోజులు ఖాళీగా ఉన్న గళ్లు చూపించి, "అమ్మా, రేపు డాక్టరు ఆంటీ దగ్గరికి వెళ్దాం" అంది. ఎందుకో ఇద్దరికీ తెలుసు. సూది వేసేటప్పుడు బెల్లం దాని అరచేతిలోనే ఉంది.

చిన్న వయసులోనే గర్భసంచి, అండాశయాలు తీయిస్తే ఈ కణితుల ముప్పు బాగా తగ్గుతుందట. ఒళ్లు చేయకుండా చూసుకున్నా మంచిదే. మాకు ఆలస్యంగా తెలిసింది.

నువ్వులు రెండు వారాలు సరిగ్గా తినలేదు. ఇప్పుడు కాస్త కోలుకుంది. ఆదివారం తలంట్లయ్యాక మా అమ్మాయి దాన్ని ఒళ్లో వేసుకుని మెడ నుంచి తొడల దాకా తడిమి చూస్తుంది. "ఏమీ లేదు" అని అక్కణ్నుంచే అరుస్తుంది. ఆ మాట వినేదాకా వంటింట్లో నా చెయ్యి ఆడదు.