చివరి వంద మీటర్లు

మా అక్క కూతురు పదహారేళ్ల పిల్ల. నాలుగు వందల మీటర్ల పరుగు ఆమెది. తెల్లవారక ముందే హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ట్రాక్ మీద ఉండే ఆ పిల్ల, పోయినేడు చలికాలంలో ఉన్నట్టుండి బూట్లు మంచం కిందికి తోసేసింది. నిద్ర లేదు, తిండి లేదు, మాట లేదు. ఇంట్లోవాళ్లు మొదట బద్ధకమన్నారు. తర్వాత ఎవరినో ప్రేమించిందన్నారు. ఆ తర్వాత దిష్టి తగిలిందన్నారు. ఈ మూడూ అయిపోయాక గాని డాక్టరు గుర్తు రాలేదు. అది కుంగుబాటు అని ఆయన చెప్పారు. ఇప్పుడు కొంత నయం. మందులు వాడుతోంది, వారానికి నాలుగు రోజులు పరిగెడుతోంది. (ఆమెను అడిగి, సరేనన్నాకే ఇంతమాత్రం రాస్తున్నాను.)

ఆ రోజుల్లో ఆమె ఫోనులో ఇంగ్లీషు నవలలు చదివేది. ఐస్ హాకీ ఆడే కుర్రవాడు, స్కేటింగ్ చేసే అమ్మాయి, ఇద్దరిలో ఒకరికి తీరని ఆందోళన, ఇద్దరి మధ్యా ప్రేమ.. ఈ తరహా కథలు. వరంగల్ ఎండలో పెరిగినదానికి మంచు మీద హాకీ ఏమిటని ఎగతాళి చేశాను. ఆమె తలెత్తకుండానే, "తెలుగుల గిసొంటి పుస్తకం ఒక్కటి చెప్పు మామా, గదే చదువుత" అంది.

చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లుగా తెలుగు నవలలు చదువుతున్నానని చెప్పుకు తిరిగేవాణ్ణి! ఈ టపా ఆ సిగ్గులోంచి పుట్టింది.

ముడిసరుకు లేక కాదు. యువకుడి మనసును లోపలినుంచి చూపటం మనకు కొత్త కాదు. ఉమ్మడి వరంగల్ జిల్లా వావిలాలలో పుట్టిన నవీన్ 1969 లోనే 'అంపశయ్య' ప్రచురించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి ఒక్క రోజులో పడే భయమూ, కోరికా, అపరాధభావమూ అన్నీ అందులో ఉన్నాయి. ఆ నవల పేరే ఆయన ఇంటిపేరయింది. ఆటగాడి ప్రేమ కూడా మనకు కొత్త కాదు. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'లో నాయకుడు రేవంత్ చదరంగం ఆటగాడే కదా! అది కన్నడంలో 1995 లో 'బెళదింగళ బాలె' పేరుతో సినిమా కూడా అయింది. అయితే అక్కడి విషాదానికి మూలం అమ్మాయి శరీరానికి వచ్చిన ప్రాణాంతక వ్యాధి. ఒంటి జబ్బుకు కన్నీరు కార్చటం మన పాఠకుడికి అలవాటే. మనసు జబ్బు దగ్గరే తడబడతాడు.

ఇక ఆటంటారా, పర్వతగిరి మండలంలోని కల్లెడనే చూడండి. ఆ ఊరి ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో మన దేశం తరఫున పోటీ పడింది. అదే ఊరి దీప్తి జీవాంజి 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడు సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. ఆమె పరిగెత్తే విభాగం పేరు టి20. క్రికెట్టు కాదు, బౌద్ధిక వైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగం.

దీప్తిని చిన్నప్పుడు ఊళ్లో పిచ్చిదని వెక్కిరించేవారని ఆమె తల్లి పత్రికలవారికి చెప్పుకుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బౌద్ధిక వైకల్యం వేరు, కుంగుబాటు వంటి మానసిక రుగ్మత వేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మొదటిదాన్ని రెండోదానిలో కలపలేదు. కాని మన వాడుకలో రెండింటికీ కలిపి 'పిచ్చి' అన్న ఒక్క మాటే ఉంది. మా అక్క డాక్టరు దగ్గరికి వెళ్లటానికి జంకింది జబ్బుకు భయపడి కాదు, ఆ మాటకు భయపడి.

ఇప్పుడు దీప్తిని చూసి అందరూ గర్విస్తున్నారు. మంచిదే. కాని నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. పతకం రాకపోయి ఉంటే ఆ వెక్కిరింత సబబయ్యేదా?

ఆట, ప్రేమ, మనసు, ఈ మూడింటినీ ఒక్కచోట చేర్చే ప్రయత్నం మన నవలకంటె సినిమా ముందు చేసింది. 2019 లో వచ్చిన 'డియర్ కామ్రేడ్'లో నాయిక లిల్లీ క్రికెటర్. ఎంపిక చేసే పెద్దమనిషి వేధింపుల వల్ల ఆటకు దూరమై కుంగిపోతుంది. ఆ కుంగుబాటు ఆమె బలహీనత కాదనీ, దాని వెనుక ఒక దౌర్జన్యం ఉందనీ చెప్పినందుకు దర్శకుడు భరత్ కమ్మను మెచ్చుకోవాలి. నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆసుపత్రిలో ఉన్న అమ్మాయిని నాయకుడు బయటికి తీసుకువెళ్లి ప్రయాణంతో, ప్రేమతో మళ్లీ మనిషిని చేస్తాడు. థియేటరులో అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. మా పిల్ల మందుబిళ్లలు చూశాక అవే చప్పట్లు నాకు చేదుగా గుర్తొచ్చాయి. ప్రేమ ఔషధమైతే, నయం కానివాళ్లను ప్రేమించేవాళ్లు లేరనే కదా అర్థం? మా అక్క తన కూతుర్ని తక్కువ ప్రేమించిందా?

మన కథల్లో రెండు మొండి అలవాట్లున్నాయి. ప్రేమ వైద్యుడి పని చేస్తుంది. గెలుపు రోగం తగ్గిందని ధ్రువపత్రం ఇస్తుంది. సిమోన్ బైల్స్ సంగతినీ మనం అలాగే చెప్పుకుంటున్నాం. 2021 లో టోక్యోలో ఆమె జట్టు ఫైనల్ నడుమ తప్పుకుంది. గాలిలో ఉండగా తన శరీరం ఏ దిక్కున ఉందో తెలియని స్థితి అది. అలాగే దూకి ఉంటే మెడ విరిగేది. 2024 లో పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది కాబట్టి తప్పుకోవటం మంచిదయిందని అంటున్నాం. ఆ మూడూ రాకపోయినా ఆ రోజు తప్పుకోవటం సరైనదే. ఇది చెప్పగల నవల కావాలి నాకు.

ఇది సాహిత్యమెలా అవుతుంది, పిల్లల కాలక్షేపం కదా అని పెదవి విరిచే మిత్రులుంటారని తెలుసు. మొన్నమొన్నటిదాకా నేనూ ఆ గుంపులోవాణ్ణే. కాని పదహారేళ్ల పిల్ల తెలుగు పుస్తకాల దుకాణానికి వెళితే ఆమె కోసం ఏమున్నాయో చూడండి. ఎప్‌సెట్ గైడ్లు, వ్యక్తిత్వ వికాస గ్రంథాలు. సంకల్పం ఉంటే సాధించలేనిది లేదనే ఆ పుస్తకాలు కుంగుబాటులో ఉన్న పిల్లకు ఏం చెబుతాయి? నీకు సంకల్పం లేదనే కదా! కాలక్షేపం అంతకంటె మేలు. ప్రేమకథలు పిల్లల్ని పాడుచేస్తాయనే పెద్దలకు నా జవాబు ఇంకా చిన్నది. కథ ఇవ్వకపోయినా వాళ్లు ప్రేమిస్తారు.

ఆ నవలలో నాయికకు ఓ కుర్రవాడు తోడుగా ఉండాలి. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చోవాలి, చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లాలి, అంతే. నయం చేసే పని డాక్టరుకు వదిలేయాలి. ఇంట్లో చెప్పుకోలేని రాత్రి ఆమె 14416 కు, అదే ప్రభుత్వం 2022 లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు, ఫోన్ చేయటం కథలో మామూలు విషయంగా రావాలి. చివర్లో ఆమె నాలుగో స్థానంలో వచ్చినా పాఠకుడు పుస్తకం సంతోషంగా మూయాలి.

నాలుగు వందల మీటర్ల పరుగు గురించి మా పిల్ల నాకు నేర్పిన సంగతి ఒకటుంది. చివరి వందలో గెలిచినవాళ్లు దూసుకువెళ్లినట్టు మనకు కనిపిస్తుంది. నిజానికి అక్కడ అందరి కాళ్లూ బరువెక్కుతాయి, అందరి వేగమూ తగ్గుతుంది. అందరికంటె తక్కువగా తగ్గినవాళ్లు ముందుకు వస్తారు. "నేనొక్కదాన్నే తగ్గుతున్ననుకున్న మామా" అంది.

నువ్వొక్కదానివే కాదు అని చెప్పటానికే కదా కథలు ఉన్నది! మిత్రులారా, మీలో నవలలు రాయగలవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరైనా పూనుకోండి. చదవటానికి మా ఇంట్లో ఇద్దరం ఉన్నాం.