బొక్కసపు తాళ మెవరిది?

ప్రజలు పన్ను కట్టుదురు. ప్రజలెన్నుకొన్నవారు దానిని వ్యయపరతురు. లెక్క సరిగా చెప్పనివారిని ప్రజలే తొలగింతురు. ప్రజాప్రభుత్వమున కింతకు మించిన వేదాంతము లేదు. ఎన్నికకు నిలువని గవర్నరునకు ఇందు అడ్డుపడు హక్కు కలదని వాదించువారు నేటికిని ఉన్నారు. ఆ వాదమును పరీక్షింతము.

2023 జనవరిలో తెలంగాణ మంత్రివర్గము బడ్జెట్టును సిద్ధపరచినది. గవర్నరు తమిళిసై సౌందరరాజన్ గారి అనుమతి రాలేదు. సభలో గవర్నరు ప్రసంగ ముండునా, లేదా యను తగవు నడుమ వచ్చినది. జనవరి 30న ప్రభుత్వపు వ్యాజ్యము హైకోర్టులో విచారణకు వచ్చెను. ఇరుపక్షముల న్యాయవాదులును కూర్చుండి మాటలాడుకొని రాజీపడిరి. ఫిబ్రవరి 3న గవర్నరు ప్రసంగించిరి. 6న ఆర్థికమంత్రి హరీశ్‌రావు గారు 2,90,396 కోట్ల రూపాయల బడ్జెట్టును సభ యెదుట నుంచిరి. కథ సుఖాంతమే. కాని యొక రాష్ట్రము తన జమాఖర్చుల చిట్టాను తన శాసనసభలో విప్పుటకు కోర్టు గుమ్మ మెక్కవలసివచ్చుట సుఖమా?

గవర్నరు సిఫారసు లేనిదే యే పద్దును అడుగరాదని రాజ్యాంగము 203వ అధికరణమున నున్నమాట నిజమే. ఆ నియమ మేల పుట్టినది? ప్రతి సభ్యుడును తన తాలూకాకు వంతెన కావలెనని, చెరువు కావలెనని సొమ్ము కోరుచు పోయినచో ఖజానా నిలువదు. కావున సొమ్మడుగు హక్కును బాధ్యతగల మంత్రివర్గమునకే యుంచి, దానిని గవర్నరు పేర నడిపిరి. అది సభ్యుల దుబారాకు వేసిన గడియ. మంత్రివర్గము నోటికి వేసిన తాళము కాదు. ఏటేట ఆదాయవ్యయ పట్టికను సభ యెదుట పెట్టింపవలెనని 202వ అధికరణము గవర్నరునకు విధించుచున్నది. సభ ఆమోదించిన ద్రవ్యబిల్లును పునరాలోచనకై త్రిప్పిపంపు అధికారమును 200వ అధికరణము ఆయన కీయలేదు. తుదిని ఆపలేనివాడు మొదట ఆపవచ్చునా?

ఎన్నిక లేని అధికారమేమి చేయగలదో యెరుగగోరువారు బాపట్ల దాపుననున్న స్టూవర్టుపురము చరిత్ర చూడుడు. ఆ పేరు మదరాసు గవర్నరు కార్యనిర్వాహకమండలి సభ్యుడు హరాల్డు స్టూవర్టుది. ఆయనను ప్రజలెన్నుకొనలేదు. 1911వ సంవత్సరపు నేరస్థజాతుల చట్టము క్రింద ఎరుకల కుటుంబముల నచట నిలిపి, సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణలో నుంచిరి. పుట్టుకయే నేరమైనది, హాజరు పలుకుట విధియైనది, ఊరు దాటుటకు అనుమతి కావలసివచ్చినది. ఆ 1911లోనే యింగ్లండులో నేమి జరిగినది? ప్రభువులసభ 1909లో లాయిడ్ జార్జి బడ్జెట్టును త్రోసిపుచ్చగా, ద్రవ్యబిల్లుల నాపు శక్తిని పార్లమెంటు చట్టముచే దానినుండి తీసివేసిరి. తమ యింట ఎన్నికలేనివారి చేతినుండి సంచి లాగుకొన్న జాతి మనకు మాత్రము సంకెల నిచ్చినది!

1921 నుండి మదరాసులో శాసనమండలి యున్నను పోలీసు శాఖ గవర్నరుకు రిజర్వు. ఆ పద్దును సభ్యులు తగ్గించినను, అవసరమని ధ్రువపరచి గవర్నరు దానిని నిలుపుకొనవచ్చును. హాజరుపట్టీ పట్టుకొన్న పోలీసువాని జీతము నాపుటకు ప్రజాప్రతినిధికి తుది అధికారము లేకుండెను. 1935 చట్టమును ప్రత్యేకబాధ్యతల పేర అట్టి అధికారమునే మిగిల్చినది. 1950 రాజ్యాంగము దానిని తుడిచివేసినది. నాడు ధ్రువపత్రముతో సాధించినదానిని నేడు జాప్యముతో సాధింపజూచుట, వీధిగుమ్మమున గెంటిన దొంగను పెరటిదారిని రప్పించుటయే.

ఇక మంత్రులును నిర్దోషులు కారు. ఏటి మొదటి సమావేశమున గవర్నరు ప్రసంగింపవలెనని 176వ అధికరణము. 2022లో పాత సమావేశమునే ముగింపక సాగదీసి, ఆ ప్రసంగము లేకుండనే బడ్జెట్టు పెట్టిరి. ఇది చట్టమును మీరుట కాకపోవచ్చును. మర్యాదను మీరుట యగును. అయినను మంత్రుల అమర్యాదకు శిక్ష పింఛనుకై చూచు ముదుసలికా, విద్యార్థివేతనముపై చదువు పిల్లవానికా? మార్చి 31లోగా సభ పద్దుల నంగీకరింపనిచో ఏప్రిలు 1 నుండి ఖజానా తలుపు తెరచుకొనదు. పెద్దలతగవులో నలుగునది పేదవాడు.

గవర్నరు వివరములడుగవచ్చును; 167వ అధికరణము ఆ హక్కునిచ్చినది. హెచ్చరింపవచ్చును, మంత్రులకు హితవు చెప్పవచ్చును. చెప్పినపిమ్మట సంతకము చేయవలెను. బిల్లుల విషయమున గవర్నరునకు గడువు విధించుట తమ పని కాదని సుప్రీముకోర్టు 2025 నవంబరు 20న తేల్చినది. కాబట్టి యీ కట్టుబాటు కోర్టునుండి కాక ప్రజాభిప్రాయమునుండి రావలెను.

పాఠకులారా, మీకు నచ్చిన పక్షము గద్దెపై నున్నప్పుడు గవర్నరును నిందించి, నచ్చని పక్షమున్నప్పుడు ఆయనను పొగడకుడు. పన్ను కట్టినవాని యెదుట లెక్క విప్పుట ఒకరి దయ కాదు. బొక్కసపు తాళము సభది, సభ ప్రజలది.