నోరువిప్పి చెప్పుకోలేని బాధ

"నాలుగు రోజులైంది అక్కా..." అని మా తోడికోడలు గొంతు తగ్గించి చెప్పినప్పుడు నేను నవ్వేశాను. "ఆకుకూర ముట్టవు, మరి అవదూ!" అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తనకి మల్టిపుల్ స్క్లెరోసిస్. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారితప్పి, మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే పొరని దెబ్బతీసే జబ్బు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువ. నడక తూలడం నలుగురికీ కనిపిస్తుంది. కానీ పేగులకి అందాల్సిన కబురు కూడా ఆ నరాల గుండానే వెళ్తుందనీ, అది దెబ్బతింటే మలబద్ధకం వస్తుందనీ డాక్టరుగారు చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఇంకో సంగతి విని మనసు చివుక్కుమంది. మూత్రం ఆపుకోలేనన్న భయంతో తను మంచినీళ్ళే తగ్గించేసిందట! పెళ్ళికో పేరంటానికో వెళ్తే పొద్దుట్నించీ గుక్కెడైనా తాగదట. దాంతో కడుపు మరీ బిగదీసుకుపోయింది. కదలకుండా కూర్చోవడం, మూత్రం ఆగడానికి వాడే కొన్ని మాత్రలు కూడా ఈ బాధని పెంచుతాయట.

ఇప్పుడు వేళకి నీళ్ళు తాగుతోంది. టిఫినయిన అరగంటకి తీరిగ్గా బాత్రూముకి వెళ్తుంది. "ఇంకా ఎంతసేపు?" అని ఎవరం తలుపు తట్టం. ఇంటి వైద్యమంటూ ఆముదం పట్టించడం మానేసి, డాక్టరు రాసిన మందే వాడుతున్నాం.

మోకాళ్ళ నొప్పి ఊరంతా చెప్పుకుంటాం. ఈ బాధ మాత్రం డాక్టరుకైనా చెప్పం. మీ ఇంట్లోనూ అలాంటి మనిషుంటే నాలా నవ్వకండి. పక్కన కూర్చుని అడగండి.