తెర ముందు నిలబడేవారికి

కిందటివారం తాడేపల్లిగూడెం నుంచి ఒక తల్లిగారు వుత్తరం రాశారు. వాళ్ళబ్బాయి యెనిమిదో తరగతి. గోదావరి మీద పి.పి.టి. చేసుకురమ్మని బళ్ళో చెప్పారట. ఇంటిల్లిపాదీ రాత్రి పన్నెండు దాకా కూచుని నలభై స్లైడ్లు తయారు చేశారు. తీరా పిల్లవాడు తెరవైపు తిరిగి, అన్నీ గడగడా చదివేసి, యెవరూ వినలేదని యేడుస్తూ ఇంటికి వచ్చాడు. “మీరు తెలుగు మేష్టారైనా సరే, దీన్ని గురించి నాలుగు ముక్కలు రాయండి” అని ఆవిడ కోరిక.

తెలుగు మేష్టారికి పవర్‌పాయింటుతో యేం పని అని మా ఇంట్లోనూ అడిగారు. పని లేకేం! యీ విద్యలో నాకు జరిగినంత పరాభవం మరొకరికి జరిగి వుండదు.

ఆరేడేళ్ళ కిందట ఒక కళాశాలవారు ప్రబంధాల మీద ప్రసంగించమని పిలిచారు. అరవై రెండు స్లైడ్లు పెన్‌డ్రైవులో వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయలుదేరాను. మా ఇంటి కంప్యూటరులో ముత్యాల్లా వున్న అక్షరాలు అక్కడి తెర మీద పడేసరికి ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, కొంకి గీతలూ కలిసిన కలగాపులగమైపోయాయి. వెనక బెంచీలోంచి యెవరో “ఇది యే లిపండీ, బ్రాహ్మీయా?” అన్నారు. హాలంతా ఘొల్లుమంది. నేను మాత్రం ఆ తెరకేసే చూస్తూ నిలబడిపోయాను. నలభై నిమిషాల పాటు చెప్పగల విషయం నా బుర్రలోనే వున్న సంగతి ఆ క్షణాన నాకే జ్ఞాపకం రాలేదు.

తర్వాత తెలిసింది, లోపం యెక్కడో. పాత పద్ధతి ఫాంట్లు, అను వగైరాలు, ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కల్ని కూచోబెట్టిన వేషాలు. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు వెళ్ళగానే వేషం వూడిపోతుంది. యూనికోడులో అలా కాదు. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య వుంది. గౌతమి, మండలి, నోటో సాన్స్ తెలుగు వంటివి ఆ తరహావి. వాటిలోనే రాసుకోండి. రాసిందాన్ని పి.డి.యఫ్.గా కూడా ఒక ప్రతి దాచుకు వెళ్ళండి. అన్నీ మొరాయించినా అది తెరుచుకుంటుంది.

తెలుగు అక్షరాలకు మరో చిక్కు వుంది. ఇంగ్లీషువాడి అక్షరం బుద్ధిగా వరసలో కూచుంటుంది. మన అక్షరానికి నెత్తిమీద గుడి, కాళ్ళకింద వత్తు. వరసల మధ్య కాస్త యెడం పెంచకపోతే పైవరస వత్తులు కిందివరస గుడుల్లో దిగబడతాయి. లావు అక్షరాలు పెడితే సున్నాలు పూడిపోతాయి. ఇంగ్లీషు పద్ధతిలో పక్కకు వాల్చితే చూడ్డానికే బాధ. సైజు ఇరవై యెనిమిదికి తగ్గనివ్వకండి. అన్నిటికన్నా మంచి పరీక్ష, ముందురోజు హాలుకు వెళ్ళి ఆఖరి బెంచీలో కూచుని చదివి చూడటం. అక్కడికి కనపడనిది తెర మీద వుండనక్కరలేదు.

అసలు యీ పవర్‌పాయింటు 1987లో మాకింటాష్ కంప్యూటర్ల కోసం పుట్టింది. రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ దీని తొలి రూపకర్తల్లో ముఖ్యులు. అదే యేడు మైక్రోసాఫ్టువారు కోటీ నలభై లక్షల డాలర్లకు ఆ సంస్థను కొనుక్కున్నారు. ఇవాళ పెళ్ళిపిలుపు మొదలు పట్టిసీమ లెక్కల దాకా అందులోనే చూపిస్తున్నారు.

స్లైడు సరిగా రాయకపోతే కొంపలేం మునుగుతాయని నేనూ అనుకునేవాణ్ణి. 2003 జనవరిలో కొలంబియా అంతరిక్షనౌక పైకి లేస్తున్నప్పుడు దాని ఇంధనపు ట్యాంకు నుంచి వూడిన నురుగుముక్క యెడమ రెక్కకు తగిలింది. నౌక పైన తిరుగుతుండగానే ఇంజనీర్లు ఆ దెబ్బ సంగతి స్లైడ్లలో పెట్టి అధికారులకు చూపించారు. ఒక స్లైడులో శీర్షిక ధైర్యం చెప్పేదిగా వుంది. దాని కింద వరసలు, వాటికింద వుపవరసలు. అట్టడుగున, అన్నిటికన్నా చిన్నదిగా వున్న వరసలో అసలు విషయం: పరీక్షలు చేసింది 3 ఘనపుటంగుళాల ముక్కతో, తగిలిందని అంచనా వేసింది 1920 ఘనపుటంగుళాలది. అంటే 640 రెట్లు! ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైపోయింది. మన కల్పనా చావ్లాతో సహా యేడుగురూ పోయారు. యెడ్వర్డ్ టఫ్టీ అనే పండితుడు ఆ స్లైడును పొరలు పొరలుగా విప్పి చూపితే, విచారణ సంఘంవారు ఆయన పరిశీలనను తమ నివేదికలోనే చేర్చుకున్నారు. ప్రమాదానికి కారణం స్లైడని యెవరూ అనలేదు. కాని ప్రాణాలకు సంబంధించిన మాట అడుగున పడి వుంటే పెద్దవాళ్ళు దాన్ని దాటిపోవడం వింత కాదని మాత్రం తేల్చారు.

యీ కథ నేను మా విద్యార్థిని ఒకతెకు చెప్పాను. కొల్లేటి లంక గ్రామం పిల్ల. డిగ్రీ ఆఖరు సంవత్సరం. కళాశాలల మధ్య వక్తృత్వపోటీ తాడేపల్లిగూడెంలో పెట్టారు. స్లైడ్లతో పది నిమిషాలు మాట్లాడాలి. మొదటి బహుమతి వచ్చినవాళ్ళ పైచదువు ఖర్చులో కొంత ఒక దాత భరిస్తానన్నాడు. ఆ పిల్లకు ఎం.ఎ. చదవాలని వుంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అదీ పరిస్థితి.

విషయం కొల్లేరు. ముప్ఫై నాలుగు స్లైడ్లు పట్టుకొచ్చింది. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెస్తాయని ఒకటి. ఉప్పుటేరు వాటిని సముద్రానికి తీసుకుపోతుందని ఒకటి. 1999లో అభయారణ్యంగా ప్రకటించినది 308 చదరపు కిలోమీటర్లనీ, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినది 901 చదరపు కిలోమీటర్లనీ మరొకటి. ఆటపాక గూడబాతులకు ఆరు. ప్రతిదాంట్లోనూ పేరాలకు పేరాలు.

“అయిదో కాంటూరు అని రాశావు. అంటే యేమిటమ్మా?” అన్నాను.

“సముద్రమట్టం కన్నా అయిదడుగుల యెత్తున వున్న చోట్లన్నీ కలిపి గీసిన గీత సార్. దాని లోపలంతా అభయారణ్యమన్నారు.”

“మీ వూరివాళ్ళకు అలాగే చెబుతావా?”

కాసేపు ఆలోచించి సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నిలువుకోత బొమ్మ గీసింది. ఒక చివర సముద్రం, మధ్యలో సరస్సు, పక్కన చేపలచెరువు గట్టు, ఆ పైన ఇల్లు. అడ్డంగా ఒక గీత. “యీ గీతకు కిందున్నవాళ్ళు వెళ్ళిపోవాలి సార్” అంది. ఆ బొమ్మ ముందు నాలుగు స్లైడ్లు దండగ. తీసేశాం.

అందుకే చెబుతాను, కంప్యూటరు తెరవడానికి ముందు కాగితం తీసుకోండి. చెప్పదలచినది ఒక్క వాక్యంలో రాసుకోండి. అదే మొదటి స్లైడు శీర్షిక. “కొల్లేరు - ఒక పరిశీలన” అనేది శీర్షిక కాదు, ఫైలు మీద అంటించే చీటీ. మీరు గుర్తు పెట్టుకోవలసినవి కిందనుండే నోట్సులో రాసుకుంటే, ప్రెజెంటర్ వ్యూలో అవి మీకే కనపడతాయి, జనానికి కనపడవు. అక్షరాలు యెగురుకుంటూ రావడం, బొమ్మలు గిరగిర తిరగడం పిల్లలకు సరదా. నా మాట వింటే అన్నీ మానిపించండి.

ముప్ఫై నాలుగు కాస్తా యేడయ్యాయి. ఆరో స్లైడు మీద “30 యెకరాలు” అని ఒక్క ముక్కే. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006లో చేపలచెరువుల గట్లు తెగగొట్టినప్పుడు వాళ్ళవాళ్ళ చెరువూ పోయింది. ఆ సంగతి ముందు ఆమె రాయనేలేదు. “అది మా ఇంటి గొడవ కదండీ, సబ్జెక్టు కాదు” అంది. అదే సబ్జెక్టు అన్నాను నేను. గట్టిగా అన్నానేమో అని తర్వాత అనిపించింది.

పోటీనాడు వాళ్ళ నాన్నగారూ వచ్చి వెనక వరసలో కూచున్నారు. ఆమె ఆరో స్లైడుకు వచ్చి, నేను నేర్పిన మీట నొక్కింది. ప్రదర్శన నడుస్తుండగా ‘బి’ అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది. తోలుబొమ్మలాటలో ఆడించేవాడు తెర వెనకుంటాడు. మనది హరికథ, కళ్ళన్నీ దాసుగారి మీదే వుండాలి. తెర నల్లబడేసరికి జనమంతా ఆ పిల్లవైపు తిరిగారు. వాళ్ళ నాన్న గట్టు మీద నిలబడి నీళ్ళు పోతూంటే చూసిన సంగతి చెప్పింది. ఆ వెంటనే, గట్లు లేచినచోట నీటిదారి మూసుకుపోయి వానలకు ఇతర వూళ్ళు మునిగిన సంగతీ చెప్పింది. ఒక పరీక్షకుడు పక్షుల సంగతేమిటని అడిగితే, మూడు అంకె నొక్కి ఎంటరు కొట్టి సరాసరి మూడో స్లైడుకు వెళ్ళిపోయింది. మనం చాలామంది వెనక్కు వెనక్కు తడుముకుంటూ పోతాం కదా, ఆ అవస్థ పడలేదు.

రెండో బహుమతి వచ్చింది. సాయం మొదటివారికే.

తిరుగు రైల్లో యెవరమూ మాట్లాడలేదు. పూళ్ళ దగ్గర ఆయన, “మేష్టారండీ, ఎమ్మేకి ఫీజెంతవుద్దండీ?” అన్నారు. చెప్పాను. తల వూపి కిటికీలోంచి చూస్తూ కూచున్నారు. భీమడోలు దాటాక మళ్ళీ ఇటు తిరిగి, కూతురితో, “ముప్ఫై యెకరాలని రాసేవేంటమ్మా? ముప్ఫై అందరిదీ. అందులో మన వాటా యెకరంన్నరే” అన్నారు.

ఆ పిల్ల నావైపు చూసింది. తర్వాత ఒళ్ళో వున్న ల్యాప్‌టాప్ తెరిచి ఆరో స్లైడు దిద్దుకుంది.